ఆకులమ్మ సీసా

మా చెల్లెలికి పెళ్ళెందుకు కాలేదని ఎవరడిగినా, అయిందనే చెప్పేవాణ్ణి. "మొగుడు పొగాకు మొక్క. సీసాలో కాపరం. ఎదురు మాట్లాడడు, నెలకోసారి తల కత్తిరిస్తే చాలు." నా మాటల్లో తాలు ఎక్కువని అందరికీ తెలుసు. ఇందులో మాత్రం కాస్త గింజ ఉంది.

వయసులో ఉండగా ఆమె ఒక సూక్ష్మజీవి జన్యువును పొగాకు ఆకులో పెట్టింది. అది జరిగే పని కాదని పెద్దపెద్దవాళ్ళు నవ్విన రోజులవి. ఆకును ముక్కలు చేసి, మందు కలిపిన జెల్లీ మీద పరిచింది. జన్యువు పట్టని ముక్క ఆ మందుకు తెల్లబడి చస్తుందట. అన్నీ తెల్లబడ్డాయి. ఒక్కదాని అంచున ఆవగింజంత పచ్చటి బుడిపె లేచింది. దాంతో పేరొచ్చింది, పేపర్లలో ఫోటో పడింది. నేనైతే ఆ మొక్క చలేస్తే తనే లేచి కిటికీ మూసుకుంటుందని మా వీధిలో చెప్పాను. ఇద్దరు నమ్మారు.

ఆ బుడిపె మొక్కయింది. సీసాలో మొక్కకి నెలనెలా చిగురు కోసి కొత్త సీసాలో నాటకపోతే బతకదు. మోచేతులదాకా కడుక్కుని, ఇంకేదీ తాకకుండా చేయాల్సిన ఆ పని ఆమె ఇంకొకరి చేతికివ్వలేదు. ఎక్కడికెళ్ళినా చిగురు వేళకి తిరిగొచ్చేసేది. నా కూతురి పెళ్ళికొచ్చి భోజనాల మధ్యలో లేచిపోయింది.

"ఏమే ఆకులమ్మా, ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తోందా?" అన్నాను అందరి ముందూ. నవ్వింది గానీ ఆగలేదు.

వెంట పనిచేసినవాళ్ళు పిల్లల్ని కన్నారు, పెద్ద ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఆమె, సీసా మిగిలారు.

రిటైరైన రోజున తీసుకురావడానికి నేనే వెళ్ళాను. ఖాళీ అయిన ప్రయోగశాల గదిలో బల్ల మీద సీసా ఒక్కటే ఉంది. కొత్త అధికారి గుమ్మంలో నిలబడి నసుగుతున్నాడు.

"దీన్ని చూసుకుంటామని ఎవరూ అనట్లేదు మేడమ్. విత్తనాలు ఫ్రిజ్‌లో భద్రంగా ఉన్నాయి కదండీ."

"అవి దీని పిల్లలు బాబూ. ఇది ఆ మొదటి మొక్కే."

"మరి రూలు..."

"తెలుసు. రాసింది నేనే."

నిజమే. ఇలాంటి మొక్కలంటే జనం హడలిపోయిన కాలంలో రాసింది: బతికున్న ముక్క ఏదీ గది దాటకూడదు, చూసే మనిషి లేని మొక్క, ఆవిరితో ఉడికించి చంపే ఆవిరిపెట్టెలోకి పోవాలి.

అతను వెళ్ళగానే నా సంచి నోరు తెరిచాను. "పడెయ్యి ఇందులో. ఎవరైనా అడిగితే నా దగ్గుమందంటాను."

"నీ అబద్ధాలు ఎవరు నమ్ముతారన్నయ్యా?"

"ఇద్దరున్నారు."

నవ్వింది. సీసా సంచి మీదిదాకా వచ్చి ఆగింది.

"గది దాటనివ్వనంటే జనం నా మాట నమ్మారు," అంది. "ఇన్నాళ్ళూ ఆ మాట మీదే పని చేసుకున్నాను."

తనే ఆవిరిపెట్టెలో పెట్టి, తనే మూత బిగించింది. పెట్టె మీటరు ముల్లు కిందికి దిగేదాకా స్టూలు మీద కూర్చుంది. తీసి చూస్తే చిగురు ఉడికిన టీ ఆకులా వాలిపోయి ఉంది.

"తెల్లబడలేదు, చూశావా?" అంది.

మా ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, వంటగదిలోకొచ్చి నిలబడింది.

"ఏం కావాలే?" అన్నాను.

"ఇవాళ చిగురు..." అని ఆగిపోయింది.

నేను తువ్వాలు అందించాను. ఆమె మాత్రం తడి చేతులు అలా పైకే పట్టుకుని, దేన్నీ తాకకుండా నిలబడే ఉంది.