తాడు పట్టేవాడు

సురేందర్ తాడును జానెడు జానెడు జరుపుతూ ముడులు తడుముతున్నాడు. కొండ అంచున మద్దిచెట్టు చుట్టూ ఒక మెలిక వేసి, కొసను చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతులకు పాత చీరపేలిక చుట్టి ఉంది. చనిపోయిన అక్క ఈదమ్మది.

కింద నిలువు బండ. సగంలో తేనెపట్టు. దిగేది అతని బావ చిన్నయ్య. వాళ్ల చెంచుగూడెం, ఆ పెంటలో కట్టుబాటు ఒకటే: దిగేవాడి తాడు బామ్మర్దే పట్టాలి. వదిలితే సొంత అక్క బతుకు ఆగమవుతుంది కాబట్టి బామ్మర్ది వదలడు.

ఈదమ్మ పోయి మూడేళ్లు. పోయిన నెలలో చిన్నయ్య ఉమారాణిని చేసుకున్నాడు. ఆమె తమ్ముడు అరుణ్ ఇప్పుడు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అతని వెడల్పాటి భుజాలను చూసినప్పుడల్లా సురేందర్ పళ్లు బిగుసుకుంటున్నాయి.

“బావా, ఇగ నీ బామ్మర్దిని నేనే గద. తాడు నాకియ్యమను,” అన్నాడు అరుణ్.

“సురేందర్ ఉండంగ నువ్వెందుకు? చూసి నేర్చుకో,” అన్నాడు చిన్నయ్య.

“ఆయనక్క లేదు. ఇగ ఆయనకేం పట్టింపు?”

“ఏంది గట్లంటవు? ఈదమ్మ తమ్ముడు వాడు!”

చిన్నయ్య నడుముకు తాడు కట్టుకుని, నవ్వుతూ దిగాడు. అతనంతే. పెంటలో అతన్ని ఎడ్డోడంటారు. మన్ననూరు సంతలో బకరా అంటారు. అక్కడెవరో ఒక టార్చి చూపించి, ఇది ఉంటే పులి రాదని చెప్తే కొనుక్కొచ్చాడు. బడి పంతులు మాత్రం పాపం, అమాయకుడంటాడు. వేపాకు తింటే తేనెటీగలు కుట్టవని సురేందరే ఒకసారి చెప్పాడు. నాలుగు రోజులు నమిలి దిగి, వాచిన మొహంతో పైకొచ్చి, “ఆకులు తక్కువైనట్టున్నయిరా,” అన్నాడు చిన్నయ్య.

ఈదమ్మ ఒక్కతే అతన్ని ‘నమ్మేటోడు’ అనేది.

పొద్దున చిన్నయ్య గుడిసెలో ఉమారాణి గటక పెట్టింది. ఈదమ్మ గంటెతోనే, ఈదమ్మ పళ్లెంలోనే. చిన్నయ్య ఆమెను చూసి నవ్వాడు. ఒకప్పుడు ఈదమ్మను చూసి నవ్విన నవ్వే అది.

ఆ నవ్వు గుర్తొచ్చింది. సురేందర్ వేళ్లు వదులయ్యాయి.

తాడు జానెడు జారింది. అతను ఉలిక్కిపడి, రెండు కాళ్లూ చెట్టు మొదలుకు తన్ని పట్టుకున్నాడు. తాడు దానంతటది జారలేదు. తనే వదిలాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

“తాడుకు తేనె అంటినట్టుందిరా, జారుతుంది!” కింద నుంచి చిన్నయ్య అరిచాడు. “నీ చేతులు జర పైలం!”

డబ్బా నింపుకుని పైకొచ్చాడు. పట్టులో మొదటి తునక తాడు పట్టినవాడికే. చిన్నయ్య దాన్ని సురేందర్ నోట్లో పెట్టాడు. అది సురేందర్‌కు మింగుడు పడలేదు.

“ఇంకొక్క పట్టుంది,” అంటూ చిన్నయ్య మళ్లీ అంచు దాటాడు. కనుమరుగై, కింద రాతిమెట్టు మీద ఆగాడు.

సురేందర్ వేలు పెదాల మీద పెట్టి, అరుణ్‌ను సైగతో పిలిచాడు. తాడు అతని చేతుల్లో పెట్టాడు. పేలిక విప్పి, అతని అరచేతులకు తనే చుట్టి ముడేశాడు.

“వదలకు,” అన్నాడు గొణుగుతూ. “నాకు నా చేతుల మీద నమ్మకం లేదు.”

కింద నుంచి కేక. “సురేందరా, పట్టినవా?”

సురేందర్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

“పట్టిన బావా. దిగు.”

చిన్నయ్య నమ్మాడు. తాడు బిగుసుకుంది. సురేందర్ వెనక్కి చూడకుండా మన్ననూరు దారి పట్టాడు.

అరుణ్ అరచేతుల్లో ఈదమ్మ చీరపేలిక సురేందర్ చెమటతో ఇంకా తడిగానే ఉంది.