బి స్టేషన్‌లో ఒక దొంగ మస్టరు

నేను ఒక లైఫ్ జాకెట్‌ను. నారింజ రంగు ఒళ్లు, నడుముకు రెండు పట్టీలు, భుజం దగ్గర చిన్న దీపం, దారానికి వేలాడే ఈల. ఇంతే నా ఆస్తి. నాతో ఎవరికీ ఎప్పుడూ పని పడకూడదని నేనూ కోరుకుంటాను, నన్ను కొన్నవాళ్లూ కోరుకుంటారు. అలాంటి ఉద్యోగం ఈ లోకంలో ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు.

నేను పుట్టింది వంద కుట్టుమిషన్లున్న ఒక రేకుల షెడ్డులో. నా పట్టీలు కుట్టినావిడ ప్రతి పట్టీనీ మూడుసార్లు లాగి చూసేది. పక్కనున్నావిడ "ఒకసారి చాలదా?" అని నవ్వితే, "నువ్వు మునిగితే తెలుస్తుంది" అనేది. తర్వాత నన్ను ఒక తొట్టెలో పడేసి, పైన బరువు పెట్టి, ఒక రోజంతా తేలానా లేదా అని చూశారు. తేలాను. ఛాతీ మీద ముద్ర కొట్టారు. ఆ ముద్ర చూసుకుని నేను కొంచెం గర్వపడ్డాననే చెప్పాలి.

అక్కడి నుంచి తిన్నగా ఈ ఓడకు వచ్చాను. పదకొండు అంతస్తులు, రెండు వేల మంది ప్రయాణికులు. నాకిచ్చిన చోటు అయిదో అంతస్తులో ఒక గది, బట్టల బీరువా పై అర. పక్కన నా జంట జాకెట్టు. మూడు రోజులకో కాపురం మారేది. కొత్తగా పెళ్లయిన ఒకతను నన్ను వేసుకుని ఫొటో దిగి, తిరిగి బీరువాలో పెట్టడం చేతగాక మంచం కిందికి తన్నేశాడు. రిటైరైన ఒక జడ్జిగారు నా మీది సూచనలన్నీ పెద్దగా రెండుసార్లు చదివి, చివరికి నన్ను తలకిందులుగా తొడుక్కున్నారు. ఒకాయన అయితే మూడు రాత్రులూ తలకింద దిండుగా పెట్టుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు కదా. నేను ఓడలోనే ఉండి కూడా మొదటి నుంచీ బోడి మల్లన్ననే.

అలా ఉండగా రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ఓడ విశాఖ రేవులో ఆగి ఉంది. మా గది తలుపు బయట పది నిమిషాల పాటు గొడవ వినిపించింది.

"తాళమేదొలే? అట్టముక్క సేతిలో ఎట్టి తాళమంతారేటి?"

"కన్నంలో దూర్చాల గావాల వొదినా."

ఎలాగో తలుపు తెరుచుకుంది. ముందు వచ్చినావిడ పైడితల్లి. అరవై దాటింది. పొట్టి మనిషి, గట్టి మనిషి, చెంగు నడుముకు బిగించి ఉంది. వెనక వచ్చింది ఆమె ఆడపడుచు నూకాలు, యాభై అయిదేళ్లుంటాయి, ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఇద్దరిదీ విశాఖకు దక్షిణాన ఒక జాలరిపల్లె. ఓడ టిక్కెట్లు కొనుక్కుని వచ్చినవాళ్లేం కాదు. అనకాపల్లిలో ఒక బట్టల దుకాణం వాళ్లు లక్కీ డ్రా తీస్తే, మూడో బహుమతి మిక్సీ మీద ఆశ పెట్టుకున్న పైడితల్లికి రెండో బహుమతి ఓడ తగిలింది. మిక్సీ పోయిన బాధ ఆమెకు అప్పటికింకా తీరలేదు.

ఆ తర్వాత గంటసేపు నాకు మంచి కాలక్షేపం. ఆ అట్టముక్కను గోడ మీది చీలికలో పెడితేనే దీపాలు వెలుగుతాయని తెలియక చీకట్లోనే మూటలు విప్పారు. దీపం వెలిగాక చూస్తే మంచం మీద తువ్వాలుతో మడిచిన ఏనుగు. "ఎవులో కట్టపడి సేసినారు, విప్పితే పాపం" అని దాన్ని తీసి కుర్చీలో కూర్చోబెట్టారు. పైడితల్లి స్నానాలగదిలోకి వెళ్లి మీట నొక్కింది. ఆ గర్జనకు ఒక్క గెంతులో బయటపడింది.

"ఓలమ్మో! ఇది మనిసిని లోపలికి లాగీసినట్టున్నాదే!"

నూకాలు నవ్వలేదు. ఆమె చెప్పులైనా విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉంది. వస్తూనే కిటికీ తెర మూసేసింది. మూట ముడి కూడా విప్పలేదు.

"ఏటలా కూకున్నావు? సముద్రం నీకు కొత్తా?" అంది పైడితల్లి.

"ఒడ్డు నుంచి కొత్త కాదు" అంది నూకాలు.

వాళ్ల మాటల్లో నాకు సంగతి తెలిసింది. వాళ్ల పల్లెలో ఆడవాళ్లు వలలు బాగుచేస్తారు, చేపలు ఎండబెడతారు, బుట్టలెత్తుకుని సంతకు వెళతారు. పడవ మాత్రం ఎక్కరు. అది వాళ్ల ఆచారం. నూకాలు మొగుడు ఎర్రయ్య ఇరవై రెండేళ్ల కిందట వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఆమె సముద్రంలో కాలు తడపలేదు. అయినా ఈ ఓడ ఎక్కింది. ఎందుకంటే ఒక పాత వాదన తేలాల్సి ఉంది.

వాళ్ల పల్లె నుంచి చూస్తే మూడు కొండలు కనిపిస్తాయి. ఎర్రయ్య ఎప్పుడూ అనేవాడట, లోపలికి వెళ్లి చూస్తే ఒకచోట ఆ మూడు కొండలూ ఒకదాని వెనక ఒకటి నక్కి ఒక్కటే అయిపోతాయని, ఆ గురుతు మీద వస్తేనే పడవ రాళ్లకు తగలకుండా ఇంటికి చేరుతుందని. నూకాలు నమ్మేది కాదు. "మూడు కొండలు ఒకటెలాగవుతాయి, కోతలు కొయ్యకు" అనేది. పెళ్లయిన నాటి నుంచీ ఆ వాదన నడిచింది. ఆఖరిసారి పడవ తోసుకుని వెళ్లిన ఉదయం కూడా ఆమె అతన్ని కోతలరాయుడనే అంది. ఆ మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఒక్కసారి నీళ్ల మీది నుంచి ఆ కొండలను చూడాలి. చూడాలనే వచ్చింది. తీరా వచ్చాక గుండె జారిపోయింది.

"నానెల్లిపోతాను వొదినా. ఇంకా నిచ్చెన తియ్యనేదు."

పైడితల్లి ఏదో అనబోయేలోపే గోడలోంచి ఒక గొంతు మోగింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, చివర తెలుగులో. ప్రయాణికులందరూ తమ తమ మస్టర్ స్టేషన్లకు రావాలి.

పైడితల్లి వెన్ను నిటారుగా లేచింది. "మస్టరంట! లెగు లెగు!"

ఇక్కడ ఆమె సంగతి ఒకటి చెప్పాలి. ఆమె పదిహేనేళ్లు ఉపాధి హామీ పనుల్లో మేటుగా చేసింది. యాభై మందిని చెరువు పనికి తీసుకెళ్లి, పొద్దున్నే మస్టరు కాగితంలో ఒక్కొక్కరి పేరూ పిలిచి హాజరు వేయడం ఆమె పని. మస్టరు పడకపోతే ఆ రోజు మనిషి వచ్చినట్టే కాదు. రాని మనిషికి హాజరు వేస్తే దాన్ని దొంగ మస్టరు అంటారు. పదిహేనేళ్లలో పైడితల్లి ఒక్క దొంగ మస్టరు రాయలేదు. సొంత మొగుడు తాగి పడుకుంటే రాలేదనే రాసింది. నూకాలుకు జ్వరమొస్తే ఆమె పేరుకూ సున్నా చుట్టింది. దాని మీద వదినా ఆడపడుచులకు ఆరు నెలలు మాటల్లేవు.

ఓడలో మస్టరు వేరు, మునిగే పరిస్థితి వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే చూపించడానికి పెట్టే హాజరు. పైడితల్లికి ఆ గొడవ అక్కర్లేదు. మస్టరంటే మస్టరే. బీరువా తెరిచి నన్నూ, నా జంటనూ కిందికి లాగింది. జాకెట్లు తేవాల్సిన పని లేదని వరండాలో ఒకతను చెబితే, "పార నేకుండా పనికెల్తామేటి?" అని ముందుకు సాగింది. నన్ను నూకాలుకు తొడిగి, పట్టీలు బిగించి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వరండాలో మమ్మల్ని చూసి కొందరు నవ్వారు, ఇద్దరు ఫొటోలు తీశారు. బీరువాలో పడి ఉన్న నాకు అదే ఊరేగింపు.

బి స్టేషన్ అంటే నాలుగో అంతస్తులో పెద్ద హాలు. నూట ఇరవై మంది ఉన్నారు. సగం మంది కాఫీలు తాగుతూ, సగం మంది గది కార్డు చూపించి ఎటు పోవాలో తెలియక గుంపుగా తోసుకుంటున్నారు. మధ్యలో చేతిలో చిన్న యంత్రంతో ఎస్తేరు. ఆ స్టేషన్ బాధ్యత ఆమెది. యానాం మనిషి, పన్నెండేళ్లుగా ఓడల్లో చేస్తోంది. గొంతు బొంగురుపోయి ఉంది.

పైడితల్లి ఒక్క చూపు చూసింది. "ఇదేటి మస్టరు? సంతా?" అంది. అంతే. అయిదు నిమిషాల్లో నూట ఇరవై మందినీ అయిదేసి మంది చొప్పున వరసల్లో నిలబెట్టింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుగారు కూర్చునే ఉంటే, "బాబూ, కూకున్నోళ్లకి హాజరు పడదు" అంది. ఆయన లేచాడు. ఎస్తేరు యంత్రం పట్టుకునే దగ్గరికి వచ్చింది.

"మీరు ఇదివరకు ఏ ఓడలో చేశారండి?" అని అడిగింది.

"సెరువులో" అంది పైడితల్లి.

వరసలు కదిలాయి. కార్డు చూపించగానే యంత్రం కీచుమంటుంది, పేరు పడుతుంది. ఆఖరున నూకాలు వంతు వచ్చింది. ఆమె కార్డు ఇవ్వలేదు.

"అమ్మా, ఓడ కదిలేముందు అందరి పేర్లూ రాస్తారా?"

"రాస్తామండి. ఒక్కరు తక్కువైనా ఓడ కదలదండి."

"ఒక్కరు తక్కువైనా?"

"ఒక్కరైనా అంతేనండి."

నా పట్టీలు బిగుసుకున్నాయి. నూకాలు ఊపిరి అంత లోతుగా పీల్చింది.

"మా ఆయన ఎల్లిన్నాడు ఎవులూ రాయనేదమ్మా. ఆఫీసుకెల్తే, ఎల్లినట్టు కాయితమేదని అడిగినారు. ఎల్లినాడని రుజువు నేకపోతే రానేదని ఎలా రాస్తామన్నారు. ఇరవై రెండేళ్లయినాది. ఎల్లినోళ్లల్లో నేడు, వొచ్చినోళ్లల్లో నేడు." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నా పేరు రాయొద్దు తల్లీ. నాను దిగిపోతాను."

"దిగాలంటే దిగొచ్చండి. ఎవరూ బలవంతం చెయ్యరు. ఇంకా అరగంట ఉందండి" అంది ఎస్తేరు మెల్లగా.

పైడితల్లి కసురుతుందనుకున్నాను. కసరలేదు. సంచిలోంచి బాల్‌పెన్ను తీసింది.

"కాయితమున్నాదా?" అంది ఎస్తేరుతో.

"మాకు కాగితాలుండవండి. అన్నీ ఈ యంత్రంలోనే."

పైడితల్లి నా కుడివైపు రెక్క పట్టుకుని లోపలి గుడ్డ పైకి తిప్పింది. నా మీద పెన్ను పెట్టడం అదే మొదటిసారి. అక్షరాలు ఒత్తి ఒత్తి రాసింది. గరికిన ఎర్రయ్య. దాని కింద, గరికిన నూకాలు.

నూకాలు తల వంచి చదువుకుంది. "ఏటే ఇది? జొరమొస్తే నా పేరే ఎయ్యనిదానివి. ఆయన పేరేస్తావేటి?"

"రానోళ్లకి ఎప్పుడూ ఎయ్యనేదే. నా మొగుడికీ ఎయ్యనేదు, నీకూ ఎయ్యనేదు. ఇదొక్కటీ దొంగ మస్టరే. పాపముంటే నాకే సుట్టుకోనీ." అని ఒక అడుగు వెనక్కి వేసి, చెరువుగట్టు మీద పిలిచే గొంతుతో పిలిచింది. "గరికిన ఎర్రయ్యా!"

హాలు మొత్తం ఇటు తిరిగింది. కాఫీ కప్పులు ఆగిపోయాయి. నూకాలు రెండు చేతులతో నన్ను గుండెలకేసి పట్టుకుంది.

"వొచ్చినాడు" అంది.

"గరికిన నూకాలూ!"

నూకాలు కార్డు ముందుకు చాపింది. యంత్రం కీచుమంది. ఓడ వస్తువు మీద పెన్నుతో రాయకూడదని ఎస్తేరుకు తెలుసు. ఆమె నా రెక్కను మెల్లగా యథాస్థానంలోకి మడిచి, "బి స్టేషన్ పూర్తయిందండి" అని పైకి చెప్పింది.

ఓడ కదిలాక వదినా ఆడపడుచులు పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నన్ను విప్పమని పైడితల్లి ఎంత చెప్పినా నూకాలు వినలేదు. రెండు గంటలు కదలకుండా చూసింది. పొద్దు పడమటికి దిగుతుండగా దూరాన మూడు కొండలు కనిపించాయి. మొదట విడివిడిగానే ఉన్నాయి. తర్వాత చిన్నది మధ్యదాని వెనక్కి జరిగింది. మధ్యది పెద్దదాని వెనక్కి జరిగింది. అక్కడ ఒక్కటే కొండ మిగిలింది.

"వొదినా, ఒక్కటే" అంది నూకాలు. మళ్లీ, "ఒక్కటేనే! నిజిమే సెప్పినాడు, కోతలు కాదు! నానే నమ్మనేదు!" అంటూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పైడితల్లి కూడా ముక్కు చీదుకుంది గానీ ఆ నేరం గాలి మీదికి తోసేసింది. కాసేపటికి కొండలు మళ్లీ మూడయ్యాయి. నూకాలు వాటికి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత వాళ్లు ఓడను సొంతిల్లు చేసుకున్నారు. భోజనాల హాలులో నూకాలు నన్ను తొడుక్కునే కూర్చుని, చేప కూర నోట్లో పెట్టుకుని, "ఇది సచ్చి నాలుగు రోజులైనాది" అని తీర్పు చెప్పింది. వంటవాడు ఒప్పుకోవాల్సి వచ్చింది. కిటికీ తెర మళ్లీ మూయలేదు.

దిగే రోజు పైడితల్లి నన్ను మడత పెడుతూ ఆగింది. "ఈ పేరు సెరిపీమంటావా? దిగినప్పుడు మస్టరులో మనిసి తక్కువవుతాడు కదే."

"ఉండనీ వొదినా" అంది నూకాలు. "సముద్రమంటే ఆయనకిష్టం. పేరుంటే సాలు." నా మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరి వెళ్లిపోయింది. తువ్వాలు ఏనుగును మాత్రం చంకలో పెట్టుకుని తీసుకుపోదామని చూశారు, తలుపు దగ్గర ఇచ్చేయాల్సి వచ్చింది.

తర్వాతి తనిఖీలో నా మీది రాత బయటపడింది. రాత పడ్డ జాకెట్టు గదుల్లో ఉండకూడదట. అలాంటివాటిని ఇంకెవరూ వాడకుండా కత్తిరించి పారేస్తారు. నా కథ అక్కడితో సరి అనుకున్నాను. ఎస్తేరు వచ్చి, ప్రయాణికులకు తొడిగి చూపించడానికి ఒకటి కావాలని రాసిచ్చి నన్ను తీసుకుపోయింది.

ఇప్పుడు నాకు బీరువా లేదు. బి స్టేషన్‌లో ఒక కొక్కెం ఉంది. ఓడ కదిలే ప్రతిసారీ ఎస్తేరు నన్ను తొడుక్కుని, పట్టీలు ఎలా బిగించాలో చూపిస్తుంది. నా రెక్క ఒక్కోసారి తిరగబడుతుంది. ముందు వరసలో ఎవరో ఒకరు చదివి, ఎర్రయ్య ఎవరని అడుగుతారు.

"మా స్టేషన్‌లో మొదటి పేరండి" అంటుంది ఎస్తేరు, యంత్రం చేతిలోకి తీసుకుంటూ.

ఈ రెండేళ్లలో జడ్జిలు ఆలస్యంగా వచ్చారు, పెళ్లికొడుకులు దారి తప్పారు, కాంట్రాక్టర్లు కూర్చునే ఉన్నారు. ఎర్రయ్య ఒక్క మస్టరు కూడా తప్పలేదు.