కుడి రెక్క

నేను ఒక గోళీల మిషనును. పుట్టిన దేశంలో నన్ను పిన్‌బాల్ అంటారు. విశాఖపట్నంలో ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. నాలుగు కాళ్ళ మీద ఏటవాలు బల్ల, పైన అద్దం, అద్దం కింద ఇనుప గోళీ, అదే నేను. బిళ్ళ వేస్తే ఐదు గోళీలు ఇస్తాను. జారి వచ్చే గోళీని, పక్కనున్న బొత్తాలు నొక్కి, రెండు రెక్కలతో పైకి కొట్టాలి. తగిలిన చోటల్లా గంట మోగుతుంది, అంకెల చక్రం తిరుగుతుంది. రెక్కల సందులోంచి జారిపోయిన గోళీ నాది. నా బేరంలో దాపరికం లేదు. ఎంత ఆడినా చివరికి గోళీ కిందికే వస్తుందని ఆడేవాడికీ తెలుసు. అయినా ఓడినవాడు రెక్క లేవలేదంటాడు, బల్ల వంకరంటాడు. తప్పు తన చేతిదే అన్నవాణ్ణి ఇన్నేళ్ళలో ఒక్కణ్ణే చూశాను. ఈ కథ అతనిది.

చికాగోలో ఒక కర్మాగారంలో వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నా కడుపులో తీగలు పరిచారు. వాళ్ళ పనితనమే నా మూలధనం. ఓడెక్కి వచ్చి, హార్బరు దగ్గర నావికుల క్లబ్బులో పదహారేళ్ళున్నాను. అక్కడ నా మీద సారా ఒలికింది, రెండుసార్లు నెత్తురు కూడా పడింది, కాని లెక్క ఎప్పుడూ తప్పలేదు. క్లబ్బు మూతపడ్డాక ఎగ్జిబిషన్లు వేసే సన్యాసిరావు నన్ను కొన్నాడు. అతను కుడి బొత్తాము వెనక అట్టముక్క దూర్చి, ఆ రెక్క సగమే లేచేలా చేశాడు. జనం ఓడిపోతూ మళ్ళీ మళ్ళీ వచ్చారు. దొంగతూకం అంటే ఏమిటో అక్కడ నేర్చుకున్నాను. జనం సెల్‌ఫోన్లకు మళ్ళాక సన్యాసిరావు నన్ను మర్రిపాలెంలో పాత ఇనుప కొట్టుకు తోసేశాడు. పదకొండు వానాకాలాలు రేకుల కింద గడిచాయి. ఎలుకలు నా తీగల్లో పిల్లల్ని పెట్టాయి.

దాలినాయుడు అక్కడికి గేటుకు బందులు కొనడానికి వచ్చాడు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. నా వెనక తలుపు తీసి లోపల తన ఎక్స్చేంజిలో ఉండేలాంటి రిలేలు, కరెంటును కలిపి విడదీసే మీటలు, చూసి, తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు నిలబడిపోయాడు. బందులు మానేసి నన్ను ఆటో ట్రాలీలో ఇంటికి తెచ్చాడు.

"ఏటి మావా ఇది? శవప్పెట్టెకి కాళ్ళు తగిలించినారా?" అంది అతని భార్య మరిడమ్మ.

"మన పాత ఎక్స్చేంజేనే. కాపోతే గోళీలాడతాది."

పెళ్ళి శుభలేఖలు సన్నగా కత్తిరించి, ఆ అట్టతో నా రిలేల్లో కరెంటు తాకే మొనలన్నీ తుప్పు వదిలేలా రుద్దాడు. సన్యాసిరావు దూర్చిన అట్టముక్క పీకేసి, ఎలుకలు కొరికిన తీగలు మార్చి, మైనపు దారంతో ఎక్స్చేంజి కట్టు కట్టాడు. సగం పని అయ్యేసరికి, ఒక ఉదయం స్క్రూడ్రైవరు అతని కుడిచేతిలోంచి జారి నా కడుపులో పడింది. వెనకే అతనూ పడ్డాడు.

పక్షవాతం అన్నారు. కాలూ మాటా మూడు నెలల్లో తిరిగొచ్చాయి. కుడిచెయ్యి రాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి అరచేతిలో ఉండేది, వేళ్ళు దాని చుట్టూ ముడుచుకునేవి కావు. నా మిగతా పని ఎడమచేత్తో చేశాడు. మరలు పళ్ళ మధ్య పట్టుకునేవాడు. ఒకరోజు పట్టేది వారం పట్టింది.

ఇంటికి అసలు బాధ నేను కాను, గేటు దగ్గరున్న స్కూటరు. మరిడమ్మ గోపాలపట్నం అంగన్‌వాడీలో ఆయా. పాతికేళ్ళుగా అతనే దింపేవాడు. ఇప్పుడామె వాచిన మోకాలితో బస్సులో నిలబడి వెళ్తోంది. ఆమె మెట్లు దిగేటప్పుడు పంటి బిగువున పట్టే మూలుగు అతనికి వినబడేది. తాళంచెవి మాత్రం ఆమె కొంగున ఉంది.

"ఇవ్వే. ఎడంచేత్తో క్లచ్చు బాగానే పట్టగలను."

"బ్రేకు కుడిచేతిదే గదా? నీ మిషనుకి రెండు రెక్కలున్నాయి గదా. కుడిచేత్తో ఆ కుడిరెక్క లేపి సూపించు, తాళం ఇచ్చేస్తాను."

ఆ మాటతో నేను పూచీదారునయ్యాను. ఏ బొత్తాము నొక్కితే ఆ రెక్క లేపడమే నా పని. పదిరోజులు అతను కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బొత్తాము మీద పెట్టాడు. వేలు దాని మీద చచ్చిన రొయ్యలా పడుంది. నా అంకెల చక్రం కదల్లేదు.

పదకొండో రోజు వెనక తలుపు తీశాడు. ఎక్స్చేంజివాళ్ళకు ఒక అలవాటుంది. ఒకరి లైను చచ్చిపోతే, అసలు తెగిన చోటు వెతక్కుండా పక్కన బతికున్న తీగల జతకు చిన్న తీగ కలిపేస్తారు. జంపర్ అంటారు దాన్ని. ఫోను మోగుతుంది, ఫిర్యాదు పుస్తకంలో 'సరిచేయబడింది' అని రాస్తారు. దాలినాయుడు నా కుడిరెక్క తీగను ఎడమ బొత్తానికి కలిపాడు. ఇప్పుడు ఎడమది నొక్కితే రెండు రెక్కలూ లేస్తాయి.

సన్యాసిరావు దగ్గర ఓడించే దొంగతూకం చూశాను. గెలిపించే దొంగతూకం చూడడం అదే మొదలు.

మర్నాడు మరిడమ్మ బయల్దేరుతుంటే పిలిచాడు. కుడిచెయ్యి బొత్తాము మీద వాల్చి, ఎడమది నొక్కుతూ ఆడాడు. గోళీ కుడివైపు వచ్చింది. కుడిరెక్క ఎగిరి దాన్ని పైకి కొట్టింది. గంటలు మోగాయి. నాలుగువేలు దాటించాను. ఆ అంకె చూపించడం నాకిష్టం లేదు. కాని చక్రాన్ని తిప్పేది తీగ, నా ఇష్టం కాదు.

"ఓలమ్మా!" అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, కొంగుముడి విప్పి తాళం ఇచ్చింది. "అయితే పద. దింపెయ్. మోకాలు పీకేస్తంది."

వాకిట్లోంచి నాకు వినిపించింది. స్కూటరు స్టార్టయింది. ఆమె ఎక్కింది. మా సందు ఏటవాలు, చివర లారీలు తిరిగే రోడ్డు. నా బల్లకూ దానికీ వాలులో పెద్ద తేడా లేదు. జారిన గోళీ ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. మోగించడానికి నాకు గంటలున్నాయి, కాని నొక్కేవాడు లేడు.

బండి కదల్లేదు. ఇంజను ఆగింది.

"మరిడీ, దిగు."

"ఏటైనాది?"

"నన్ను నమ్మి నువ్వు నా నడుం పట్టుకున్నావే. దిగు ముందు."

లోపలికి వచ్చి, వెనక తలుపు తీసి, ఆ చిన్న తీగ పీకి ఆమె ముందు పెట్టాడు. "రెక్కలో తప్పు లేదే. తప్పు నా చేతిది. జంపర్ కొట్టినాను."

ఎక్స్చేంజి మెకానిక్ భార్యకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. తీగను చేతిలోకి తీసుకుంది.

"ముప్పై ఏళ్ళూ ఊరోళ్ళ ఫోన్లన్నీ ఇలాగే బాగుసేసినావా మావా?"

అతను నవ్వలేదు. ఆమె గొంతు కూడా నవ్వులా లేదు. "ఆ రోడ్డు మీద ఇద్దరం పోయుంటే ఏ పుస్తకంలో రాసుకుందువు?" అంది. తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకోకుండా నా అద్దం మీద పెట్టింది. సంచీ అందుకుని, కుంటుకుంటూ బస్సుకు వెళ్ళింది. ఆ రోజు ఆమె పనికి ఆలస్యమైంది.

అది జరిగి ఏడువారాలైంది. తాళంచెవి ఇంకా నా అద్దం మీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. రోజూ పొద్దున్నే అతను కుడివేలు బొత్తాము మీద పెడతాడు. రోజూ నా చక్రం సున్నా చూపిస్తుంది. నాలుగువేలు చూపించిన రోజుకన్నా ఈ సున్నాలతో నాకు తేలిగ్గా ఉంది.

ఈ ఉదయం వేలు కొంచెం వణికింది. బొత్తాము లోపలికి వెంట్రుకవాసి కదిలింది. మొనలు తాకీ తాకనట్టు తాకాయి, నీలం నిప్పురవ్వ ఒకటి పుట్టింది. కుడిరెక్క ఉలిక్కిపడింది కాని లేవలేదు. గోళీ దాని పక్కనుంచే జారి నా కడుపులో పడింది.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ మరిడమ్మ అడిగింది.

"లేచిందా మావా?"

అతను ఆ రెక్కవైపే చూస్తున్నాడు.

"లేదే," అన్నాడు.

నా లెక్కలోనూ అదే ఉంది.