ముందే పంచిన జిలేబీలు

పోస్ట్‌మాన్ సాయన్న కవరు నా చేతిలో పెట్టి సైకిలెక్కే లోపే దాన్ని చింపేశాను. నిజానికి కవరు మీద పేరు నాది కాదు. డాక్టర్ కె. వసుమతి అని ఉంది. అంటే మా ఆవిడ. పెళ్ళయి నాలుగు నెలలైనా ఆ పేరు ముందు ‘డాక్టర్’ అని చూస్తే నాకింకా గర్వంతో ఛాతీ ఉబ్బుతుంది. వృక్షశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్న అమ్మాయి, బి.ఏ. ప్యాసై ఆబిడ్స్‌లో ఇన్సూరెన్సు గుమాస్తాగా ఉన్న ఈ గోపాలరావును ఎందుకు చేసుకుందో నేనింతవరకూ అడగలేదు. అడిగితే ఆలోచనలో పడుతుందేమోనని భయం.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ‘మీకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము’ అని మొదలైంది. పరిశోధనా మండలి అంతటిది సంతోషిస్తున్నానని రాశాక, ఆ కింద ఏముందో అనుమానంగా చూడటం మర్యాద కాదనిపించింది. మేం ఎదురుచూస్తున్న ఫెలోషిప్ వచ్చేసింది! చెప్పులేసుకుని జిలేబీల కోసం ఆబిడ్స్ వైపు పరిగెత్తాను.

అంత సంబరానికి కారణముంది. ఫెలోషిప్ వస్తే వసుమతి ఇక్కడే, యూనివర్సిటీ లాబొరేటరీలో, పల్లీలకు పట్టే బూజు మీద తన పరిశోధన సాగిస్తుంది. రాకపోతే జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక కొత్త కాలేజీలో లెక్చరరుగా చేరాలి. ఆ ఆర్డరు అప్పటికే వచ్చి మా గోడ మేకుకు వేలాడుతోంది. ఆ కాలేజీలో మైక్రోస్కోపు ఒకటే ఉందట, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారట. “అక్కడ చేరితే నా పని అక్కడితో సరి,” అంటుంది వసుమతి. నా లెక్కలో అయితే నా కాపురం అక్కడితో సరి. రోజూ పొద్దున్న ఆవిడ జడ వేసుకుంటూ నోట్లో హెయిర్‌పిన్నులు పెట్టుకుని మాట్లాడే మాటలు, నాంపల్లి స్టేషన్‌లో బండి కూత వేయగానే గూట్లో గిన్నెలు గలగలలాడితే ఇద్దరం ఒకేసారి నవ్వడం, ఇవన్నీ వదులుకుని నేనొక్కణ్ణీ హోటల్లో భోంచేయడం ఊహకే అందలేదు.

వేడివేడి జిలేబీల పొట్లంతో వచ్చి ముందుగా మా ఇల్లుగలావిడ లక్ష్మీనర్సమ్మ గారికి పెట్టాను.

“ఏంది సారూ, గీ ఎండల జిలేబీ?”

“మా వసుమతికి ఫెలోషిప్ వచ్చిందండీ. పరిశోధన చేసుకోమని నెలనెలా డబ్బిస్తారు.”

“దేని మీద?”

“పల్లీలకు పట్టే బూజు మీద.”

“బూజుకు పైసలిస్తరా?” ఆవిడ జిలేబీ చేతిలోనే ఆగిపోయింది. “మా ఇంట్ల ఎంత బూజు గావాల్నంటే గంత ఉన్నది. ముందుగాల జెప్తే కిరాయి పెంచుదును గద!”

తరవాత పక్కింటి టైలర్ మొగులయ్యకు పెట్టాను. మొగులయ్యకు చెప్పడమంటే నాంపల్లి అంతటికీ చెప్పినట్టే. కత్తెర పక్కన పెట్టి, నోట్లో జిలేబీతోనే సందు చివరిదాకా వెళ్ళి వచ్చాడు.

సాయంత్రం వసుమతి యూనివర్సిటీ నుంచి వచ్చింది. సందు మొదట్లోనే నలుగురు దండాలు పెట్టారట. గడపలో నిలబడి, “ఏమండీ, నాకేదో వచ్చిందట, ఏమిటది?” అంది.

“ఫెలోషిప్!” అని ఉత్తరాన్ని ఆవిడ ముందు జెండాలా ఊపాను.

ఆవిడ దాన్ని నిదానంగా చదివింది. రెండోసారి చదివింది.

“రెండో పేరా చూశారా?”

“రెండో పేరా కూడా ఉందా?”

ఉంది. మండలి వారి సంతోషమంతా వసుమతిని మూడు రోజుల శిక్షణ తరగతులకు ఎంపిక చేసినందుకట. డాక్టరేటు పూర్తయిన ఇరవైమందికి, పరిశోధన ప్రణాళిక ఎలా రాయాలో, ఫెలోషిప్ ఎలా అడగాలో బషీర్‌బాగ్‌లో సోమవారం నుంచి నేర్పుతారు. బుధవారం ఒక్కొక్కరూ తమ ప్రణాళిక వినిపించాలి. అందులో అయిదుగురికే ఫెలోషిప్.

“మరి ఈ జిలేబీలు?” అన్నాను.

“తిన్నవాళ్ళ దగ్గర వెనక్కి అడగలేం కదా,” అంది వసుమతి. తను కూడా ఒకటి తీసుకుంది, కానీ నవ్వలేదు. “ఇప్పుడు రాకపోతే ఈ సందులో తలెత్తుకుని నడవాల్సింది నేను, మీరు కాదు.”

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఫెలోషిప్ వచ్చేదాకా ఆవిడకు నా శాయశక్తులా సాయం చేయాలని. చేయకుండా ఉంటానని ఒట్టు పెట్టుకోవాల్సింది.

సోమవారం తరగతి నుంచి వసుమతి హుషారుగా వచ్చింది. మల్లేశ్వరరావు గారని రిటైరైన ప్రొఫెసరు పాఠం చెబుతున్నారట. ప్రణాళిక ఒక్క కాగితం దాటకూడదన్నారట. ఏం చేస్తారు, ఎలా చేస్తారు, ఎంతకాలం పడుతుంది, అంతే. ఆవిడ లాంతరు గూడు పక్కన కూర్చుని రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. అంతవరకు నా సాయం నిజంగా సాయమే.

“దీన్ని టైపు చేయించాలి,” అంది చివరికి.

ఎగిరి గంతేశాను. ఈ భూమ్మీద నాకు వచ్చిన విద్య టైపొక్కటే. మా సందు చివర టైపు ఇన్‌స్టిట్యూట్ తెల్లారగానే తెరుస్తారు. మంగళవారం పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను.

టైపు చేస్తూ చదివాను. చదివితే నీరసమొచ్చింది. ‘గోనెసంచిలో, మట్టికుండలో, రేకు డబ్బాలో పల్లీలు నిలవ ఉంచి, ఒక వర్షాకాలమంతా ఏది ముందు బూజు పడుతుందో చూస్తాను’ అని మాత్రమే ఉంది. ఇంత చదువు చదివి ఇంతేనా అడగడం? మా ఇంట్లో ఎవరూ తమ గురించి గొప్పగా చెప్పుకోరు, వసుమతి పుట్టింట్లో అసలే చెప్పుకోరు. ఆ మొహమాటమే కొంప ముంచుతుందనిపించింది. పెళ్ళానికి మొహమాటమైతే మొగుడు మాట్లాడాలి కదా! కాగితం అడుగున ఇంకా చోటుంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. ‘ఈ కృషి ఫలితంగా భారతదేశపు ఆహార సమస్య తొలగిపోవడమే కాక, మానవజాతి ఆకలి శాశ్వతంగా తీరగలదు’ అని ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా కొట్టాను. ‘శాశ్వతంగా’ అన్న మాట రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

నేను పరుగున వచ్చేసరికి వసుమతి రిక్షా ఎక్కేసింది. మడిచిన కాగితం అందించాను. “థాంక్సండీ,” అని నవ్వింది. ఆ నవ్వుతో ఆఫీసులో ఆ రోజంతా గడిపాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో ఉంది. పలకరిస్తే అటు తిరిగి గిన్నెలు సర్దింది. కాసేపటికి గుమ్మంలోకొచ్చి వరండాలో ఉన్న ఇల్లుగలావిడతో అంది, “లక్ష్మీనర్సమ్మ గారూ, ఆయన్ని కాఫీ తాగమనండి.”

ఆవిడ నావైపు తిరిగింది. “సారూ, నిన్ను కాఫీ తాగమంటున్నది.”

“ఏమైందో అడగండి,” అన్నాను.

“ఏమైందని అడుగుతున్నడు బిడ్డా.”

“మానవజాతి ఆకలి తీర్చే మహాతల్లి ఎవరో లేచి నిలబడమన్నారని చెప్పండి. ఇరవైమందిలో నేనొక్కదాన్నే లేచి నిలబడ్డానని చెప్పండి.”

లక్ష్మీనర్సమ్మ గారు నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “గిదేం బాధ సారూ నాకు! మీ లొల్లి మీరే జూస్కోండి. కాఫీ మాత్రం సల్లారుతున్నది.”

జరిగిందిది. మల్లేశ్వరరావు గారు ప్రణాళికలన్నీ తిరగేస్తూ మా ఆవిడ కాగితం దగ్గర ఆగారు. ఎలా రాయకూడదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తన సర్వీసులో దొరకలేదంటూ నా వాక్యాన్ని పైకి చదివారు. తరగతి తరగతంతా నవ్వింది. తరవాత ఆయన అన్నారట: “అమ్మా, మొదటి సగం రాసిన మనిషికి ఏం కావాలో తెలుసు. రెండో సగం రాసిన మనిషికి ఏమీ తెలియదు. రేపటికి ఈ ఇద్దరిలో ఒకర్ని ఇంటి దగ్గర వదిలేసి రా.”

“రెండో మనిషి ఎవరో చెప్పావా?” అన్నాను.

“చెప్పలేదు. తప్పు నాదే అన్నాను.”

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోడ మీది ఆర్డరు ఫ్యాను లేకపోయినా ఊగుతోంది. “వసూ, ఇంక నేను ఏమీ చేయను. నువ్వు ఆదిలాబాద్ వెళ్తే వారం వారం బండెక్కి వస్తాను.”

ఆవిడ అప్పుడు నావైపు చూసింది. “చేయాలి. ప్రొఫెసరు గారు ఇంకో మాట కూడా అన్నారు. మన శాస్త్రం ఒక్క ముక్క తెలియని మనిషిని పట్టుకుని ప్రణాళిక చెప్పి, తిరిగి అప్పజెప్పమనాలట. వాళ్ళకు అర్థమైతేనే కమిటీకి అర్థమవుతుందట. అలాంటి మనిషిని ఎక్కడ వెతకను? పదండి.”

ఇంత అర్హత నాకు ఇంతకు ముందు ఏ ఉద్యోగానికీ కుదరలేదు.

పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీ మీద కూర్చున్నాం. గేటు దగ్గర కిష్టవ్వ బండి మీద కొన్న వేయించిన పల్లీల పొట్లం మా మధ్య ఉంది. వసుమతి చెప్పడం, నేను అప్పజెప్పడం.

“దేశంలో...” అని మొదలుపెట్టాను.

“దేశం లేదు.”

“మానవజాతి?”

“అసలే లేదు.”

“పోనీ, రైతులు?”

“రైతులు కూడా ఇంకా రాలేదండీ. పల్లీలున్నాయి, మూడు రకాల పాత్రలున్నాయి, వర్షం ఉంది. అంతే.”

నాలుగోసారికి దారిలో పడ్డాను. చెబుతూ చెబుతూ ఒక పల్లీ నోట్లో వేసుకుని కొరికాను. “ఛీ, చేదు!” అని ఉమ్మేయబోయాను.

“ఆగండి!” వసుమతి నా దవడ పట్టుకుంది. సాయంకాలం, పబ్లిక్ గార్డెన్స్, చుట్టూ జనం. నోట్లోంచి పల్లీ ముక్క తీసి రుమాల్లో పెట్టి, వెలుతురుకు పట్టి చూసింది. నలుపూ పచ్చా కలిసిన మరక. ఆవిడ కళ్ళల్లో ఎంత ప్రేమ! పెళ్ళయిన నాలుగు నెలల్లో నావైపు ఒక్కసారి కూడా అలా చూడలేదు.

లేచి కిష్టవ్వ దగ్గరికి నడిచాం. పల్లీ చూపించి ఎక్కడ కొందో అడిగాను.

“నా పల్లీలకు బూజా? నీ నోరే చేదు సారూ!” అని కిష్టవ్వ కస్సుమంది. “మొజంజాహీ మార్కెట్ల తెచ్చిన. గాడ పోయి లొల్లి పెట్టు, గీడ కాదు.”

తిరిగి వస్తుంటే నాకు తోచింది అన్నాను, “వసూ, నువ్వు మంచి పల్లీలు తెచ్చి, దాచిపెట్టి, బూజు ఎప్పుడు పడుతుందా అని వర్షాకాలమంతా కూర్చుంటానంటావు. ఇక్కడ ఎండాకాలంలోనే పట్టేసింది కదా. అది ముందే పట్టి వచ్చిందేమో?”

ఆవిడ నడక ఆపేసింది. నేను మళ్ళీ ఏదో తప్పు మాట అన్నాననుకుని చెవులు పట్టుకోబోయాను.

“అప్పజెప్పమన్నానే గానీ ఆలోచించమన్నానా?” అంది. కానీ ఈసారి చూపు కాస్త మారింది. ఇంచుమించు పల్లీని చూసినట్టే చూసింది. ఇంటికొచ్చి, పల్లీలు దాచే ముందు అంగళ్ళలో అమ్మే పల్లీల్లో బూజు ఎంతుందో చూస్తాను అని ప్రణాళిక మొదట్లో ఒక వాక్యం చేర్చింది. ఈసారి టైపుకి ఇవ్వలేదు. తన గుండ్రటి అక్షరాలతో తనే రాసుకుంది. నేను విసనకర్ర దగ్గర ఆగాను.

బుధవారం సాయంత్రం బషీర్‌బాగ్ కూడలిలో ఇరానీ హోటల్ ముందు నిలబడ్డాను. వసుమతి గంభీరంగా వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

“ఏమైంది?”

“ముందు టీ.”

టీ వచ్చింది. ఆవిడ సాసర్లో సగం పోసి నాకిచ్చి, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “చదవండి. చివరిదాకా. గట్టిగా.”

‘సంతోషిస్తున్నాము’ అని మొదలైంది. నేను సంతోషించలేదు. రెండో పేరాకి వెళ్ళాను. ఒక సంవత్సరానికి ఫెలోషిప్ మంజూరు చేశామని ఉంది. అప్పుడు కూడా గంతెయ్యలేదు. మూడో పేరా: వర్షాలు మొదలయ్యే లోపే అంగళ్ళ నుంచి పల్లీల నమూనాలు సేకరించాలి. సంతకం చదివాను. సంతకం కింద ముద్ర చదివాను. కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

“ఇంకేమీ లేదు కదా?”

“లేదు,” అని వసుమతి పకపకా నవ్వింది. నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకి కౌంటర్ దగ్గరి ముసలాయన లెక్క మర్చిపోయాడు.

నాంపల్లి దాకా నడిచే వచ్చాం. గుమ్మంలో లక్ష్మీనర్సమ్మ గారు ఎదురైంది. మా ముఖాలు చూసింది. “ఏంది సారూ, మళ్ళ ఒచ్చిందా ఫెలోషిప్పు? ఎన్నిసార్లొస్తదది? జిలేబీలేవి?”

“అవి మొన్ననే తిన్నారు కదండీ,” అన్నాను.

“గవి ఒట్టిగ తిన్నయి. గిప్పుడు అసలుది పెట్టాలె.”

వసుమతి గోడ మేకు దగ్గరికి వెళ్ళి ఆదిలాబాద్ ఆర్డరు తీసి మడిచి పెట్టెలో పెట్టింది. వచ్చి నా పక్కన కూర్చుని, “రేపు ఆఫీసుకి సెలవు పెట్టండి,” అంది.

“సినిమాకా?”

“మొజంజాహీ మార్కెట్‌కి. ప్రతి కొట్లోకీ వెళ్ళి, మంచి పల్లీలు వద్దండీ, బూజు పట్టినవి కావాలి అని అడగాలి. నాకు సిగ్గు. మీరడుగుతారు. సంచీ కూడా మీరే మోస్తారు. దారిలో జిలేబీలు కొనుక్కుని ఈ సందులో అందరికీ మళ్ళీ పంచుతారు. పొద్దున్నే బయల్దేరదాం, ఎండ ముదరకముందే.”