క్యాండిడేటు పుట్టిల్లు

రాబర్ట్‌సన్‌పేట రీడింగ్ రూములో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఒక ఇంగ్లీషు మాట పుట్టుక చెప్పాలన్నది ఆనవాయితీ. ఎవరో ఒకరు అనడమే గానీ, పదకొండేళ్లుగా చెబుతున్నది హైస్కూలు మాస్టరు శేషాచలమే. అక్కడి బంగారు గనులు సర్కారు చేతికొచ్చి తెల్లదొరలు సీమకు వెళ్లిపోయాక, వాళ్ల భాష గుట్టు తెలిసినవాడు ఊళ్లో తానొక్కడేనని ఆయన నమ్మకం.

అలాంటిది, గని ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా జగన్నాథ పోయిన నెల ఒక మాట చెబితే జనం చప్పట్లు కొట్టారు. నిన్నగాక మొన్న వచ్చినవాడికి చప్పట్లా! శేషాచలానికి రెండు రోజులు అన్నం సయించలేదు.

మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఈసారి మాట 'క్యాండిడేటు', చెప్పేది జగన్నాథ. రీడింగ్ రూములో ఉన్న ఒక్క పెద్ద డిక్షనరీనీ శేషాచలం ముందే ఇంటికి పట్టుకుపోయాడు. శనివారం సాయంత్రం జగన్నాథ ఆయన గుమ్మానికే వచ్చాడు.

"డిక్షనరీ యాడా దొరకలేదు సార్. ఇంగ మీరే దిక్కని వచ్చినాను."

క్యాండిడేటు లాటిన్ మాట. రోములో పదవి కోరేవాళ్లు సుద్ద పూసి తెల్లగా మెరిపించిన బట్ట కప్పుకుని ఓట్లడిగేవాళ్లు. ఆ తెలుపు నుంచే ఆ పేరు. శేషాచలానికి ఇదంతా కంఠతా వచ్చు. అయినా తొణక్కుండా, "గ్రీకు మాటప్పా అది. బరువు మోసేవాడని అర్థం" అన్నాడు. మర్నాడు సభలో లేచి తప్పు పట్టి, వాడి పరువు తీయాలని ఎత్తు.

ఆదివారం సభలో ముందు వరసంతా గనిలో రాళ్లు మోసిన మనుషులే. "జనం బరువు మోసేవాడే క్యాండిడేటు" అని జగన్నాథ అనగానే హాలు దద్దరిల్లింది. శేషాచలం గొంతు సవరించుకుని లేచాడు.

"ఇది నా తెలివి కాదు. శేషాచలం సార్ చెప్పినారు. ఆయనే నాకు గురువు" అన్నాడు జగన్నాథ, చేతులు జోడించి.

సభ అధ్యక్షుడు సుబ్బరాయప్ప ఇటు తిరిగాడు. "నిజమేనా సార్?"

ఆ అర్థం తప్పంటే, తప్పు చెప్పింది తానేనని బయటపడుతుంది. శేషాచలం తల ఊపాడు.

"నిజమే."

"ఇంగేమప్పా! శిష్యుడు తయారైనాడు. వచ్చే ఆదివారం నుంచి జగన్నాథే చెప్తాడు. మీరు హాయిగా కూర్చోని వినండి సార్."

మళ్లీ చప్పట్లు. అందరూ గురువు వైపే చూస్తున్నారు. శేషాచలం కూడా చప్పట్లు కొట్టాడు.