మెయిన్ రోడ్డు రాయమ్మ

నరసరావుపేట మెయిన్ రోడ్డులో గోపాలకృష్ణయ్యది స్టీలు సామాన్ల కొట్టు. దాని ముందున్న అరుగును వాళ్ల నాన్న నాలుగడుగులు రోడ్డు మీదికి జరిపి కట్టించాడు. పొద్దున్నే దాని మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించకపోతే గోపాలకృష్ణయ్యకు కాఫీ కూడా సహించదు.

ఒక సోమవారం ఆయన వచ్చేసరికి అరుగును ఆనుకుని ఒక కానుగ మొక్క, దాని పక్కన మోకాలెత్తు నాపరాయి పాతి ఉన్నాయి. రోడ్డు పొడుగునా అంతే, మొక్కకో రాయి. వందన అనే చిత్రకారిణి హైదరాబాదు నుంచి వచ్చి వంద చెట్లతో ఊరినే బొమ్మగా మారుస్తుందని పేపర్లో పడింది. గోపాలకృష్ణయ్య పేపర్లో ధరలు తప్ప చదవడు. మొక్కను చూడనే లేదు. పల్నాడులో పుట్టినవాడికి పాతిన రాయి కనబడితే హద్దు తప్ప ఇంకేం గుర్తొస్తుంది?

"రోడ్డు వెడల్పుకి గుర్తేశారే. మన అరుగు పోయినట్టే," అన్నాడు భార్యతో.

"రాయి పీకి అవతల పారేయండి," అంది రామతులసి.

"పీకితే కేసు. మొక్కితే ఏముంది?"

మర్నాడు తెల్లారకముందే రాయికి పసుపు పూసి, బొట్లు పెట్టి, మొక్కకు ఎర్ర రవికగుడ్డ చుట్టాడు. అడిగినవాళ్లందరికీ, అమ్మవారు కల్లోకొచ్చి తనను కదిలించొద్దందని చెప్పాడు. ఇక ఏ ఆఫీసరు చెయ్యేస్తాడో చూద్దామనుకున్నాడు.

శుక్రవారానికల్లా ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి రాయమ్మకు స్నానం చేయించడం మొదలుపెట్టారు. మున్సిపాలిటీ ట్యాంకరు మాత్రం రెండు వారాలు తిరిగి మానుకుంది. వేసవికి రోడ్డు మీది మొక్కలన్నీ పుల్లలయ్యాయి. కానుగ ఒక్కటి అమ్మవారి నీళ్లు తాగి, రెండేళ్లలో కొట్టు బోర్డును మింగేసింది. అయినా గోపాలకృష్ణయ్య బాధపడలేదు. బోర్డు పోతే పోయింది, అరుగు దక్కింది కదా.

అప్పుడు వచ్చింది వందన. చెట్టు కింద నిలబడి కళ్లు తుడుచుకుంది.

"వందలో ఇదొక్కటే బతికింది అంకుల్. మీరే అసలైన కళాకారులు."

"అది సరేగానమ్మా, ఈ రాయి ఏంది?"

"చెట్టుకి తోడు. చెట్టు పెరుగుతుంది, రాయి పెరగదు. ఆ తేడా జనం చూడాలని పెట్టాను."

"రోడ్డు వెడల్పుకి కాదా?"

"ఏ వెడల్పు అంకుల్?"

ఇంతలో ఎదురుకొట్టు టైలరు త్రికోటేశ్వరరావు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"బాబాయ్, అమ్మ చుట్టూ తిరగటానికి చోటు చాలటంలా. మా ఆడోళ్లకి చానా ఇబ్బందిగా ఉంది. రాత్రి మా ఇంటిదాని కల్లోకొచ్చి అరుగు తీపిచ్చమందంట అమ్మ."

అది ఉత్త రాయిరా అనే మాట గోపాలకృష్ణయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కల అబద్ధమనే హక్కు ఊళ్లో అందరికీ ఉంది, ఆయనకు తప్ప.

మర్నాడు రాయమ్మకు కొబ్బరికాయ కొట్టి, తొలి భక్తుడు కాబట్టి అరుగు మీద మొదటి గడ్డపార పోటు ఆయన చేతే వేయించారు. వందన ఫోటో తీసుకుంది.