పద్నాలుగు రోజుల గొంతు

మిర్యాలగూడ గ్రంథాలయంలో ఎనిమిదింటికి తలుపులు తీసి, నేల ఊడ్చి, పేపర్లు బల్లల మీద పరిచాక కల్పన, లైబ్రేరియన్ రాజారత్నం సార్ టేబుల్ ముందు నిలబడి "నమస్తే సార్" అనేది. ఆయన తల కొంచెం పక్కకు వంచి వినేవాడు.

"ఇయ్యాల నాలుగు బయట ఉన్నట్టున్నయి."

రిజిస్టరు తిప్పి చూస్తే నాలుగే ఉండేవి.

సంగతేమిటంటే, రెండు వేల పదిలో ఒక దాత ఆ గ్రంథాలయానికి కంప్యూటరూ మైకూ ఇచ్చాడు, చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయమని. రాజారత్నం సార్ ఒక పేజీ చదివి, తన గొంతు తానే విని, మైకు కల్పన చేతికిచ్చేశాడు. కల్పన అక్కడ అటెండరు. ఇంటర్ చదివింది. గొర్లు మేపే బీరన్న కూతురు కావడాన రెండు పొలాల అవతలికి వినబడేలా పిలవడం తెలుసు, ఒళ్లో పిల్లను నిద్రపుచ్చేంత మెల్లగా చెప్పడమూ తెలుసు. ఆమె చదివిన పుస్తకాలను చిన్న చిన్న మెమరీ చిప్పుల్లోకి ఎక్కించి, అగ్గిపెట్టెల్లో పెట్టి, పద్నాలుగు రోజుల గడువు మీద ఇచ్చేవాళ్లు. చూపు లేనివాళ్లతో పాటు చదువు రానివాళ్లూ, చదవడానికి తీరిక లేనివాళ్లూ వచ్చారు. మిల్లు వాచ్‌మన్లు, టైలర్లు ఆ చిప్పులను ఫోన్లలో వేసుకుని పని చేసుకుంటూ వినేవాళ్లు.

మొదటి చిప్పు బయటికి పోయిన సాయంత్రమే కల్పన గొంతు కొంత సన్నబడింది. ఆమె కంగారు పడితే రాజారత్నం సార్ తేలిగ్గా అన్నాడు.

"పుస్తకం ఇస్తే అల్మారాల జాగ ఖాళీ అయితది గదమ్మా. గొంతు ఇస్తే గొంతుల ఖాళీ కాదా?"

నిజమే కదా అనుకుంది కల్పన. చిప్పు తిరిగొచ్చి రిజిస్టర్లో సంతకం పడగానే ఆ ముక్క వచ్చి గొంతులో కలిసేది. ఉత్తగా వచ్చేది కాదు. తిరిగిన ఇంటి మాటలు అంటించుకుని వచ్చేది. కోదాడ కాలేజీలో పనిచేసే ఒక లెక్చరర్ చిప్పు తిరిగిచ్చిన రోజు, కల్పన పేపరు చదువుకునే ముసలాయనతో "కూర్చోండండీ, ఫ్యాన్ వేస్తానండీ" అంది. ఆయన నవ్వి, "కోదాడ చిప్పు వచ్చినట్టుంది" అని కూర్చున్నాడు.

కానీ చిప్పు పోతే గొంతులో ఆ ముక్క పోయినట్టే. సూర్యాపేట గ్రంథాలయంలో చదివే తులసీరాం చిప్పు ఒకటి ఎవరి అంగీ జేబులోనో ఉండిపోయి ఉతుకుడులో పోయింది. అప్పటినుంచి ఆయన నోట 'ళ' పలకదు. భార్య పేరు మంగళ. పాపం, రోజూ మాట పడుతున్నాడు.

రెండు వేల పదకొండు శ్రావణంలో ఒక మధ్యాహ్నం లక్ష్మీబాయి వచ్చింది. వేములపల్లి దగ్గరి తండా ఆమెది. మిల్లులో బియ్యం చెరిగే పని. తవుడు అంటిన కొంగు దులుపుకుని, గడప బయటే నిలబడి అడిగింది.

"సదివే పని లేని పుస్తకం ఉంటదంట గదా బిడ్డా. జర ఇయ్యరాదు."

"లోపలికి రా అమ్మా. ఎవరికి?"

"మా ఆయనకు. దస్రు. ఇరవై ఆరేండ్లు లారీ నడిపిండు. షుగర్ వచ్చి రెండేండ్ల కింద కండ్లు పోయినయి. కండ్లు పోతే పోయినయి, మాట గూడ బంద్ పెట్టిండు. అన్నం పెడితే తింటడు, గోడ దిక్కు తిరిగి పంటడు. ఇంట్ల మనిషి సప్పుడన్న ఉంటదని అడుగుతున్న."

కల్పన వెతికి వెతికి అన్నిటికన్నా పెద్ద పుస్తకం ఇచ్చింది. ఓడల మీద తిరిగే ఒక కెప్టెన్ నవల, వినడానికి పద్దెనిమిది గంటలు పడుతుంది. పుస్తకం పెద్దది కాబట్టి గొంతు కూడా పెద్ద ముక్కే పోయింది. ఆ సాయంత్రం బజార్లో వంకాయలు బేరం చేయడానికి కల్పన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పద్నాలుగు రోజులు దాటాయి. పోయి తెచ్చుకుందామని కల్పన అనుకునేసరికి సమ్మె వచ్చింది. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, గ్రంథాలయానికీ తాళం పడింది. మిగతా చిప్పులవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కల్పన చేతిలో పెట్టి పోయారు. ఓడ కెప్టెన్ ఒక్కడే రాలేదు. నలభై రెండు రోజుల తర్వాత సమ్మె విరమించారు. తాళం తీశారు. అప్పటికీ రాలేదు. కల్పన మాట గుసగుసలోకి దిగింది. తల్లి దుర్గమ్మ పొయ్యి దగ్గరనుంచి పిలిస్తే కల్పన పలికేది, ఆ పలుకు గది దాటేది కాదు. దుర్గమ్మకు దుఃఖం వచ్చేది. "నా బిడ్డ గొంతు ఎవలింట్ల ఉన్నదో" అని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది.

పైనుంచి కాగితం కూడా వచ్చింది. నెలాఖరుకు తనిఖీ, ఒక్క చిప్పు తక్కువున్నా ఈ పథకం ఆపేస్తారని. రాజారత్నం సార్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇగ ఆగొద్దు కల్పనా. తులసీరాం సంగతి ఎరికే గదా. పోయి తెచ్చుకో."

కల్పన ఆటో ఎక్కి వేములపల్లిలో దిగి, కాలువ కట్ట పట్టుకుని తండాకు నడిచింది. వరి పొట్ట విప్పి, గింజ పాలు పోసుకుంటోంది. ఇల్లు ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. రేకుల పందిరి కింద నుంచి తన గొంతే వినిపించింది, నిండుగా, తనకు ఇప్పుడు లేనంత నిండుగా. "తెరచాప దించండి అని కెప్టెన్ అరిచాడు" అంటోంది.

టక్కుమని ఆగింది. మగ గొంతు ఒకటి అందుకుంది.

"ఆగు బిడ్డా. కెప్టెన్ ఆగమైతుండు. గాలి మోపైనప్పుడు బండిని అరిపియ్యొద్దు, బతిమాలాలె. నేనొకసారి ఇరవై టన్నుల బియ్యం ఏసుకుని ఘాటు రోడ్డు దిగుతున్న. వాన. బ్రేకు తొక్కితే కాలు కిందికి పోయింది గానీ బండి ఆగలే. పక్కన క్లీనర్ రాములు. దుంకురా అంటే దుంకడు. నువ్వుంటే నేనుంట అంటడు..."

మంచం మీద బనీనుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముందు ఫోన్ పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న ఆడపిల్లకు చెప్పినట్టే చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. కల్పన పందిరి గుంజ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఘాటు సగం దిగేసరికి లక్ష్మీబాయి నీళ్ల బిందెతో వచ్చి, ఆమెను చూసి, బిందె దించి గబగబా పక్కకు తీసుకుపోయింది.

"తప్పు నాదే బిడ్డా. సమ్మె అయినంక తేవాలె. తేలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయిదో రోజు ఫోన్ ఆపిండు. 'ఈ పిల్ల పొద్దటి సంది సదువుతనే ఉన్నది, గుక్కెడు నీళ్లు తాగలే. జరసేపు కూసోమను, నేను సెప్త' అన్నడు. రెండేండ్ల తర్వాత మొదటి మాట. నా తోటి గాదు, నీ గొంతు తోటి. అయినా మంచిదే అనుకున్న. పొయ్యి కాడ కూసుని ఇంటున్న. ఇది తీసుకపోతే మళ్ల గోడ దిక్కు తిరుగుతడని..."

కల్పన ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. లక్ష్మీబాయి ఆమె ముఖంలోకి చూసి చెంపలేసుకుంది.

"అయ్యో! మొత్తం గీడనే ఉంచుకున్ననా?"

"ఎవలు?" అన్నాడు దస్రు అటునుంచి.

కల్పన మంచం దగ్గరకు పోయి వంగి, "నేనే కాకా. సదివేదాన్ని" అంది.

ఆ గుసగుసలోనే ఆయన పోల్చుకున్నాడు. ఫోన్ వెనక మూత తీసి, వేలి కొసతో చిప్పు తడిమి తీసి, దిండు కింది అగ్గిపెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"లోడు ఎవలిదో వాళ్లకు అప్పజెప్పాలె. ఇరవై ఆరేండ్లు గదే పని చేసిన."

కల్పన కట్ట ఎక్కి వెనక్కి చూస్తే దస్రు పడుకుని ఉన్నాడు. గోడ దిక్కు తిరిగి.

రాజారత్నం సార్ రిజిస్టర్లో సంతకం పెట్టాడు. కల్పన గొంతు నిండింది. నోరు తెరిచి "నమస్తే" అందామనుకుంది.

"రాంరాం సార్" అని వచ్చింది. ఆగలేదు. "కేరళ పోవాలంటే ఎండాకాలం పొద్దున్నే బయల్దేరాలె. టైరు మీద నీళ్లు సల్లుకుంట పోవాలె..."

రెండు నెలలకు పైగా విన్నదంతా గొంతు మోసుకొచ్చింది. కాకినాడ రేవులో మూడు రోజులు లైన్లో ఆగిన లారీలు, స్టీరింగ్ మీద నిద్ర రాకుండా పాడుకున్న తండా పాటలు, కూతురు పుట్టిందన్న కబురు ఒక పెట్రోలు బంకులో అందితే బంకువాళ్లందరికీ మిఠాయి పంచిన రోజు. పేపర్లు చదివేవాళ్లు పేపర్లు దించేశారు. మధ్యాహ్నం భోజనానికి ఎవరూ లేవలేదు. రాజారత్నం సార్ మెల్లగా మైకు ఆమె ముందుకు జరిపాడు.

కల్పన మైకు వెనక్కి తోసింది.

"వద్దు సార్. ఇవి నావి గావు. నేను చెప్తే కిరాయి ఇంట్ల ఉన్నట్టుంటది. ఆయన్నే తోలుకొద్దాం."

మర్నాడు ఇద్దరూ తండాకు పోయారు. దస్రు లేవలేదు.

"సదువు రానోన్ని, కండ్లు లేనోన్ని. లైబ్రరీల నాకేం పని సార్?" అన్నాడు గోడతోనే.

రాజారత్నం సార్ చూపు లేనివాళ్ల సౌకర్యాల గురించి చాలాసేపు చెప్పాడు. గోడ వింది. అప్పుడు కల్పన, రెండు పొలాలు దాటే గొంతుతో అడిగింది.

"ఘాటు దిగినంక రాములు ఏమైండు కాకా?"

దస్రు భుజం కదిలింది.

"బ్రేకు పడలే. రాములు దుంకనన్నడు. గంతవరకే ఇన్న. నాకు నిన్నటి సంది నిద్ర లేదు" అంది కల్పన.

"గది సెప్పాలంటే ముందుగాల ఆ బండి సంగతి సెప్పాలె" అన్నాడు దస్రు, ఇటు తిరిగి. "పొద్దు గూకుతది."

"గూకనియ్. మైకు కాడ చెప్పు."

"చెప్తే నీ గొంతు కూడా చిప్పులెంబడి పోతది, ముందే చెప్తున్న" అన్నాడు రాజారత్నం సార్, నిజాయితీ గల మనిషి కనుక.

"పోనియ్. ఇంట్ల కూసుని నేనేం జేసుకుంట దాంతోటి?"

తొమ్మిది రోజులు చెప్పాడు దస్రు. లక్ష్మీబాయి మిల్లుకు పోతూ దింపేది, వస్తూ తీసుకుపోయేది. రాములు బతికాడు, ఇసుక కుప్పకు గుద్ది లారీ ఆగింది, ఇద్దరూ ఆ ఇసుకలోనే కూర్చుని పుచ్చకాయ తిన్నారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ భాగం రెండుసార్లు విని, చిప్పులు లెక్కపెట్టకుండానే సంతకం చేసి పోయాడు.

దస్రు చిప్పును మొదట తీసుకున్నది సైదయ్య. కోదాడవాడు, మిల్లులో లోడు కోసం వచ్చిన డ్రైవరు. ఆ సాయంత్రం దస్రు మాట సన్నబడింది. మళ్లీ మొదటికొచ్చిందే అనుకుంది లక్ష్మీబాయి. కానీ దస్రు పడుకోలేదు. మంచం వాకిట్లోకి వేయించుకుని, రోడ్డు దిక్కు ముఖం పెట్టి, పద్నాలుగు రోజులు ఎవరి కోసమో చూస్తున్నట్టు కూర్చున్నాడు.

పద్నాలుగో రోజు ఆమె అన్నం వడ్డిస్తుంటే గొంతు వచ్చింది.

"ఏవండీ లక్ష్మీబాయి గారూ, కాస్త పప్పు వెయ్యండి" అన్నాడు.

ఆమె గరిటె పట్టుకుని అట్లాగే చూసింది. దస్రు కూడా తన మాట తానే విని నవ్వాడు.

"సైదయ్య భాష అంటింది. ఇను, కోదాడ కాడ రోడ్డు పెద్దగ చేస్తుండ్రు. మిషిన్ల సప్పుడే సప్పుడు. టోల్‌గేట్ పెడుతరంట. నేను చాయ్ తాగే హోటల్ ముసలాయన పోయిండంట, కొడుకు కూసుంటుండు. చాయ్‌ల అల్లం తక్కువేస్తుండని సైదయ్య తిడుతుండు."

అప్పటినుంచి దస్రు ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఆయన చిప్పులు లారీ క్యాబిన్లలోనే తిరిగాయి. ఒకటి కాకినాడలో ఉంటే ఒకటి కేరళలో ఉండేది. తండాలో ఎవరైనా "దస్రు ఏడిదాక పోయిండు?" అని అడిగితే లక్ష్మీబాయి లెక్కగట్టి, "రాజమండ్రి దాటి ఉంటడు" అని చెప్పేది. ఒకసారి గొంతు మొత్తం ఇంటికొచ్చిన రోజున ఆయన గోదావరి బ్రిడ్జి చప్పుడు చెబుతుంటే, ఆమె చాట పక్కన పెట్టింది.

"ఇరవై ఆరేండ్లు నువ్వే తిరిగినవ్. ఇప్పుడు గూడ నువ్వే తిరుగుతున్నవ్. నేను మిర్యాలగూడ దాటిన్నా?"

దస్రు రెండు రోజులు ఆలోచించి, కల్పనకు కబురు చేశాడు. రెండు వేల పద్నాలుగు ఎండాకాలంలో, మొగుడూ పెళ్లాం ఒకే మైకు ముందు కూర్చున్నారు. ఆమె అడగాలె, ఆయన చెప్పాలె అనుకున్నారు గానీ, ఎక్కువ మాట్లాడింది లక్ష్మీబాయే. ఆయన లేని ఇంట్లో పిల్లలను ఎట్లా పెంచిందో, వాన రోజుల్లో లారీ చప్పుడు వినబడితే ఎట్లా లేచి కూర్చునేదో చెప్పింది. దస్రు మధ్యమధ్య "గిది నాకు తెల్వదే" అన్నాడు. ఆ మాటలు కూడా చిప్పులో ఉన్నాయి.

సైదయ్యే తీసుకుపోయాడు. పద్నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ పెద్దగా మాట లేదు. సైగలతో వండుకున్నారు, తిన్నారు, సాయంత్రాలు ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆమె మొదటిసారి ఊరు విడిచి పోయింది కాబట్టి దస్రుకే రంధిగా ఉండేది. మాటిమాటికి ఆమె చెయ్యి తడిమి చూసేవాడు.

గడువు రోజున ముందు ఆమె గొంతే వచ్చింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. లక్ష్మీబాయి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, దస్రు పక్కన వచ్చి కూర్చుంది.

"ఎంత దూరమయ్యా! రోడ్డు ఒడుస్తనే లేదు. ఒక్క హోటల్ కాడ పది మంది ఆడోళ్లు నా మాట ఇనుకుంట గిన్నెలు కడుగుతుండ్రు. ఏడ్సిండ్రు, నవ్విండ్రు. ఇంకొకటి ఇను. తునిల గూడ, తమిళోళ్ల కాడ గూడ, ఆడోళ్లు మొగోళ్లను మన తీర్గనే తిడుతుండ్రు. గదే తిట్టు! ఇన్నేండ్లు తిరిగినవ్, గిదొక్కటి నాకు సెప్పకపోతివి."

దస్రు గొంతు మిగతా చిప్పులెంబడి ఇంకా దారిలోనే ఉంది. చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టాడు, మంచం కదిలేలా. ఆమె కాళ్లు పైకి ముడుచుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.